పక్కదానితో పడుతుందా?

(నెల్లూరులో కాలేజీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల సమావేశంలో గేమింగ్ కంప్యూటర్ భాగాల ఎంపిక మీద చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టుగా ఇక్కడ ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడుతోంది కదా? సరే. పిల్లలతో పాటు అమ్మానాన్నలు కూడా వచ్చారు, అది నాకు చాలా సంతోషం. గేమింగ్ కంప్యూటర్ అంటే ఇంట్లో ఒక పెద్ద ఖర్చు. ఆ ఖర్చు పెట్టేవాళ్లకు కూడా ఆ డబ్బాలో ఏం ఉంటుందో, ఎందుకు ఉంటుందో తెలియాలి.

నేను నెల్లూరులో కంప్యూటర్లు బిగించే పని చేస్తాను. కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి కూడా పిల్లలు లిస్టు రాసుకుని వస్తుంటారు. వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఈ గ్రాఫిక్స్ కార్డు మంచిదేనా?" కార్డు మంచిదే. ఈ రోజుల్లో పేరున్న కంపెనీల భాగాలు విడివిడిగా చూస్తే దాదాపు అన్నీ మంచివే. కానీ నేను తిరిగి అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. ఏ మానిటర్ పెడుతున్నావు? ఏ ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా? క్యాబినెట్ లోపల ఎంత పొడవు ఖాళీ ఉంది? మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందా? చివరి ప్రశ్న వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను, ఈ రోజు ఎక్కువసేపు మాట్లాడబోయేది కరెంటు గురించే.

నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఏ భాగం గురించైనా "ఇది మంచిదా" అని అడగడం ఆపి, "ఇది పక్కదానితో పడుతుందా" అని అడగండి. యూట్యూబ్‌లో ఒక్కో భాగం గురించి గంటల కొద్దీ వీడియోలు ఉన్నాయి. మీ భాగాల జోడీ గురించి మాత్రం మీరే చూసుకోవాలి.

లిస్టు రాయడం మానిటర్ దగ్గర మొదలుపెట్టండి. చాలామంది దాన్ని చివరికి వదిలేస్తారు, మిగిలిన డబ్బుతో ఏదో ఒకటి కొందాంలే అనుకుంటారు. కానీ గ్రాఫిక్స్ కార్డు గీసే బొమ్మ ఎంత పెద్దదో చెప్పేది మానిటరే. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. 1440పీ తెర మీద 36.9 లక్షలు. 4కే అయితే 82.9 లక్షలు. ఒక్కో ఫ్రేమ్‌కూ కార్డు ఆ చుక్కలన్నీ గీయాలి. ఫుల్ హెచ్‌డీకి ఆర్‌టీఎక్స్ 5060 లాంటి 8 జీబీ కార్డు సరిపోతుంది, కొన్ని కొత్త గేముల్లో సెట్టింగులు కాస్త తగ్గించుకోవాలి, అంతే. అదే కార్డుకు 4కే తెర తగిలిస్తే కార్డూ సుఖపడదు, మీరూ సుఖపడరు. దీనికి తిరగేసిన కేసు కూడా చూస్తుంటాను. ఖరీదైన ఆర్‌టీఎక్స్ 5070 కొని, ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ మానిటర్‌కు తగిలిస్తారు. కార్డు సెకనుకు 150 ఫ్రేములు తయారుచేసినా తెర చూపించేది 60 సార్లే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, కేబుల్‌ను మదర్‌బోర్డుకు, అంటే భాగాలన్నీ బిగించే పెద్ద పలకకు, ఉన్న పోర్టులో గుచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. గుచ్చాల్సింది కింద అడ్డంగా ఉండే గ్రాఫిక్స్ కార్డు పోర్టులో. వీలైతే డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ వాడండి. ఆ తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి రిఫ్రెష్ రేటు మీరే మార్చాలి. చాలాసార్లు అది 60 మీదే ఆగిపోయి ఉంటుంది.

మీరు ఆడే గేములు ఏమిటో కూడా రాసుకోండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి తక్కువ సెట్టింగుల్లో, ఎక్కువ ఫ్రేములతో ఆడతారు. అక్కడ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. సైబర్‌పంక్ లాంటి పెద్ద గేముల్లో భారం కార్డు మీద పడుతుంది. రోజంతా వాలరెంట్ ఆడే పిల్లవాడికి బడ్జెట్ అంతా కార్డులో పోసి, ప్రాసెసర్ దగ్గర పిసినారితనం చూపిస్తే ఏం లాభం?

ఇప్పుడు ప్రాసెసర్, మదర్‌బోర్డు. ఇక్కడ తప్పితే కంప్యూటర్ అసలు ఆన్ కాదు.

ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ప్రాసెసర్లు చేసే కంపెనీలు రెండు, ఏఎండీ, ఇంటెల్. ఏఎండీలో ఇప్పుడు బజారులో రెండు సాకెట్లున్నాయి. 2017లో రైజెన్ అనే ఏఎండీ ప్రాసెసర్లతో పాటు జనంలోకి వచ్చింది ఏఎం4. 2022లో వచ్చింది ఏఎం5. రైజెన్ 5000 వరకు ఏఎం4, రైజెన్ 7000, 9000 ఏఎం5. ఇంటెల్‌లో 12, 13, 14 జనరేషన్లు మూడూ ఎల్‌జీఏ 1700 అనే సాకెట్‌లో కూర్చుంటాయి. 2024 చివర్లో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్‌కు ఎల్‌జీఏ 1851 కావాలి. సాకెట్ కలవకపోతే ఏమీ చేయలేం, అక్కడితో ఆగిపోయినట్టే. ఇది అందరూ సరిగ్గానే చూసుకుంటారు.

తప్పు జరిగేది దీని తర్వాతి మెట్టులో. సాకెట్ ఒకటే అయినా బోర్డులో ఉన్న బయోస్, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రాం, పాతదైతే కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. ఏఎం4 సాకెట్ ఉన్న బీ450 రకం బోర్డులు 2018లో వచ్చాయి. రైజెన్ 5000 వచ్చింది 2020లో. షాపు అటక మీద ఉన్న పాత బీ450 బోర్డులో రైజెన్ 5 5600 పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. పిల్లవాడు ప్రాసెసర్ పోయిందని ఏడుస్తాడు, షాపువాడు బోర్డు పోయిందంటాడు. రెండూ బాగానే ఉంటాయి! బయోస్ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. ఏఎం5లో కూడా ఇదే కథ. 2022 నాటి బీ650 బోర్డులో 2024లో వచ్చిన రైజెన్ 9000 పెట్టాలంటే అప్‌డేట్ కావాలి. ఇంటెల్‌లో బీ660 బోర్డు మీద 14వ జనరేషన్ పెట్టినా అంతే.

అందుకని బోర్డు కొనేముందు రెండు పనులు చేయండి. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో బోర్డు పేరు కొట్టి, సీపీయూ, అంటే ప్రాసెసర్, సపోర్ట్ లిస్టు తెరవండి. మీ ప్రాసెసర్ పేరు ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. రెండోది, బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అనే బటన్ ఉందో లేదో చూడండి. అది ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయొచ్చు. మన ఊళ్లలో ఆ బటన్ విలువ ఇంకా ఎక్కువ. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బోర్డుకు, అప్‌డేట్ కోసమని పాత ప్రాసెసర్ అప్పిచ్చేవాళ్లు ఎవరున్నారు? భాగాలు కలుస్తాయో లేదో చెప్పే వెబ్‌సైట్లు ఉన్నాయి, పీసీ పార్ట్‌పికర్ లాంటివి. వాడండి, మంచివే. కానీ మీ చేతికొచ్చిన పెట్టెలో ఏ బయోస్ ఉందో దానికి తెలియదు.

బయోస్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. ఇంటెల్ 13, 14 జనరేషన్లలో పెద్ద ప్రాసెసర్లకు, అంటే ఐ7, ఐ9 లాంటివాటికి, ఓల్టేజీ ఎక్కువగా అంది కొన్నాళ్లకు గేములు క్రాష్ అయ్యే సమస్య వచ్చింది. 2024లో ఇంటెల్ దానికి కొత్త మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపల నడిచే సూచనలు, ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. ఆ మైక్రోకోడ్ మీ కంప్యూటర్‌లోకి వచ్చేది బయోస్ అప్‌డేట్ ద్వారానే. ఆ ప్రాసెసర్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ రాత్రికే చూసుకోండి.

ఇంకో జోడీ. బోర్డులో ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం ఉంటుంది, వీఆర్‌ఎం అంటారు. హెచ్610 లాంటి చవక బోర్డుల్లో అది చిన్నగా ఉంటుంది, చాలావాటికి మీద వేడిని లాగేసే హీట్‌సింక్ కూడా ఉండదు. ఐ5 12400 నిండుగా పనిచేస్తే 117 వాట్లు తాగుతుంది, ఆ బోర్డు దాన్ని మోస్తుంది. ఐ9 14900కే 253 వాట్లు తాగుతుంది. సాకెట్ ఒకటే, వెబ్‌సైట్ కూడా పచ్చజెండా ఊపుతుంది. గేము మొదలైన కాసేపటికి వీఆర్‌ఎం వేడెక్కి, ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది. ఖరీదైన ప్రాసెసర్ కొని దాని వేగాన్ని చవక బోర్డుతో మీరే కట్టేసినట్టు అవుతుంది.

ఇంటెల్ పేర్ల చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ లేవని అర్థం. 12400ఎఫ్ అలాంటిదే. ఏఎండీలో రైజెన్ 5 5600కు కూడా లేవు. "ముందు ఇది కొని, దసరాకి కార్డు కొంటాను అన్నా" అనేవాళ్లు ఎఫ్ రకం తీసుకోకూడదు. దసరా వరకు తెర మీద ఏమీ కనపడదు.

ర్యామ్ గురించి. ఏఎం5 బోర్డుల్లో డీడీఆర్5 మాత్రమే పడుతుంది. ఏఎం4లో డీడీఆర్4 మాత్రమే. ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాలూ ఉన్నాయి, ఒక్కో బోర్డుకు ఒక్కటే. బోర్డు పేరు చివర డీ4 అని ఉందో లేదో చూడండి. రెండు ర్యాములూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పిన్నులు కూడా 288 చొప్పున ఉంటాయి, కానీ మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది. దిగకపోతే బలవంతంగా నొక్కకండి. 16 జీబీ ఒక్క స్టిక్ కొనకుండా 8 జీబీవి రెండు కొనండి. రెండు దారుల్లో డేటా వెళ్తుంది, గేముల్లో తేడా కనపడుతుంది. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకని ర్యామ్ విషయంలో పొరపాటు ఇప్పుడు ఇంకా ఖరీదు.

పెట్టె మీద 6000 అని రాసి ఉన్నంత మాత్రాన ర్యామ్ ఆ వేగంతో నడవదు. బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ వేగం పెంచే సెట్టింగు, ఏఎండీ అయితే ఎక్స్‌పో, ఇంటెల్ అయితే ఎక్స్‌ఎంపీ, ఆన్ చేయాలి. లేకపోతే 4800 దగ్గరో ఆ చుట్టుపక్కలో నడుస్తుంది. ఇంకో విషయం, ఇది తెలియక చాలామంది టెన్షన్ పడతారు. ఏఎం5 కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది ర్యామ్‌ను పరీక్షించుకుంటుంది. ఒక్కోసారి చాలా నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. ఆ టైములో భయపడి ఆఫ్ చేసి ఆన్ చేస్తూ ఉంటే అది మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. టీ తాగి రండి, వస్తుంది.

గేములు, ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పను. బోర్డు మీద ఎస్‌ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాట్ ఉందా, అది వేగమైన ఎన్‌వీఎంఈ రకమా చూసుకోండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే డిస్కులకు వైరు తగిలించే సాటా పోర్టులు ఒకటో రెండో పనిచేయవు. మాన్యువల్‌లో రాసి ఉంటుంది. గేములకు 1 టీబీ ఉంటే సుఖం.

ఇక క్యాబినెట్. చిన్న చూపు చూసే వస్తువు ఇది. ముందు కొలతలు చెప్పుకుందాం. ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ 244 చదరం. చిన్న క్యాబినెట్‌లో పెద్ద బోర్డు పట్టదు. గ్రాఫిక్స్ కార్డు పొడవు దాని వెబ్‌సైట్‌లో ఉంటుంది, క్యాబినెట్ ఎంత పొడవు కార్డును పట్టిస్తుందో దాని వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన రాసుకోండి. ముందువైపు, ప్రాసెసర్‌ను నీళ్లతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ రేడియేటర్ పెడితే, రేడియేటర్ మందం 27, ఫ్యాన్ మందం 25, మొత్తం 52 మిల్లీమీటర్లు ఆ ఖాళీలోంచి తీసేయాలి. ఎత్తయిన ఎయిర్ కూలర్లు 155, 160 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. సన్నని క్యాబినెట్ కొంటే పక్క అద్దం మూత పడదు.

కూలర్‌కు కూడా సాకెట్‌తో లెక్క ఉంది. ఏఎం4 కూలర్లు చాలావరకు ఏఎం5కు పడతాయి. ఇంటెల్ 10, 11 జనరేషన్ల కూలర్ మాత్రం 12వ జనరేషన్ బోర్డుకు నేరుగా పట్టదు, రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్ల నుంచి 78కి మారింది. కూలర్ కంపెనీ వేరే బ్రాకెట్ ఇస్తుందేమో అడగండి.

కొలతలు ఏ వెబ్‌సైటైనా చెప్తుంది. మన ఊరి వేడి సంగతి ఏ వెబ్‌సైటూ చెప్పదు. మీరు చూసే రివ్యూ వీడియోలు ఎక్కువగా 20, 25 డిగ్రీల ఏసీ గదుల్లో తీసినవి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన మేడ మీద గది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 40 డిగ్రీలు అనుకోండి. గది 15 డిగ్రీలు వేడెక్కితే లోపల ప్రాసెసర్, కార్డు కూడా దాదాపు 15 డిగ్రీలు వేడెక్కుతాయి. వీడియోలో 75 డిగ్రీలు చూపించిన ప్రాసెసర్ మీ ఇంట్లో 90కి వస్తుంది. రైజెన్ 7000 ప్రాసెసర్ 95 దగ్గర తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంటెల్‌వి 100 దగ్గర. ఎంత ఖరీదైన కూలరైనా, నీళ్లదైనా గాలిదైనా, గది వేడి కంటే చల్లగా చేయలేదు. అందుకని వీడియోలో "పర్వాలేదు, సరిపోతుంది" అన్న కూలర్ మనకు సరిపోదు. దానికి ఒక మెట్టు పైది తీసుకోండి.

క్యాబినెట్ ముందు భాగం జల్లెడలా ఉండాలి. ముందంతా అద్దం, లోపల రంగుల లైట్లు ఉన్నవి అందంగానే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. ఇంట్లో ఎదురెదురు కిటికీలు తెరిస్తే గాలి ఎలా పారుతుందో, అలా ముందు నుంచి లోపలికి వచ్చి వెనక నుంచి బయటికి పోవాలి. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి ఉంటే చాలు. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో పెట్టి తలుపు మూసేయకండి, దయచేసి.

(సభలోంచి ఒక విద్యార్థి: "అన్నా, మాది చీమకుర్తి. మా ఇంట్లో దుమ్ము చాలా ఎక్కువ. జల్లెడ పెడితే దుమ్మంతా లోపలికే కదా వెళ్లేది?")

మంచి ప్రశ్న బాబూ. గ్రానైట్ క్వారీలు, కోత మిషన్లు ఉన్న చోట దుమ్ము సన్నగా ఉంటుంది, హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటుంది. దానికి రెండు పనులున్నాయి. ముందు, కింద, తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ కొను. లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్లు బయటికి తోసేవాటి కంటే ఎక్కువ ఉండేలా చూసుకో. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికి వస్తుంది, ఫిల్టర్ లేని చోట దుమ్ము లోపలికి దూరదు. ఫిల్టర్ తరచూ కడుగు, ఆరాకే పెట్టు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో, అది గిరగిరా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ల వాళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలి తగిలే కిటికీ పక్కన పెట్టకండి. నెలల తరబడి వాడకుండా వదిలేయకండి కూడా, తేమ చేరుతుంది.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన విషయానికి వస్తున్నాను. కరెంటు.

ముందు ఎంత కావాలో లెక్కేద్దాం. రైజెన్ 5 7600 నిండుగా పనిచేస్తే 88 వాట్లు. ఆర్‌టీఎక్స్ 5060 కార్డు 145. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఒక 60 అనుకోండి. మొత్తం 290 చిల్లర. కార్డు ఒక్కో క్షణం దాని లెక్క కంటే ఎక్కువ లాగుతుంది కాబట్టి ఆ కార్డు చిప్పు చేసే ఎన్‌విడియా కంపెనీ ఆ కార్డుకు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమంటుంది. ఆర్‌టీఎక్స్ 5070 అయితే కార్డే 250 వాట్లు, 650 పెట్టమంటుంది.

కానీ డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న నంబరును నమ్మకండి. పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది, దాంట్లో 12 ఓల్టుల గడి చూడండి. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ బతికేది ఆ గడి మీదే. అక్కడ ఎన్ని యాంపులు ఉన్నాయో చూసి 12తో గుణించండి. 500 అని రాసి ఉన్న చవక ఎస్‌ఎంపీఎస్‌లో ఆ గడిలో 18 యాంపులే ఉంటే, అసలు పనికొచ్చేది 216 వాట్లు. మిగతాదంతా మనకు అక్కర్లేని చోట లెక్క చూపించింది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తాయి. లోపల రక్షణ సర్క్యూట్లు ఎంత బాగున్నాయో అవి చెప్పవు. దానికి ఆ మోడల్ పేరు మీద వివరంగా పరీక్షించిన రివ్యూ చదవాలి.

పాత ఆఫీసు కంప్యూటర్ చవగ్గా కొని దాంట్లో గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. ఆలోచన తప్పేమీ కాదు. కాని ఆ ఎస్‌ఎంపీఎస్‌లో సాధారణంగా కార్డుకు ఇచ్చే 8 పిన్ వైరు ఉండదు. బజారులో సాటా వైరును 8 పిన్‌గా మార్చే ముక్క ఒకటి చవగ్గా దొరుకుతుంది. అది కొనకండి. సాటా పిన్ను 12 ఓల్టుల మీద మోయగలిగింది 54 వాట్లు. 8 పిన్ ద్వారా కార్డు 150 వాట్ల దాకా అడగొచ్చు. ప్లాస్టిక్ కరుగుతుంది, కాలుతుంది. అలాంటి కంప్యూటర్‌కు వైరు అక్కర్లేని, స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు చూసుకోండి, లేదా ఎస్‌ఎంపీఎస్ మార్చండి. మార్చేటప్పుడు పాత ఎస్‌ఎంపీఎస్ వైర్లను కొత్తదానికి గుచ్చకండి. ఊడదీసే వైర్లున్న మోడళ్లలో రెండో చివర అచ్చం ఒకేలా ఉంటుంది, లోపలి వరస మాత్రం కంపెనీకో రకంగా ఉంటుంది. ఒక్కసారి ఆన్ చేస్తే ఎస్‌ఎస్‌డీ పోవచ్చు, దాంట్లోని ఫొటోలు, ప్రాజెక్టులు అన్నీ పోతాయి.

ఎస్‌ఎంపీఎస్ ఇంకో జోడీ మన గోడతో. రాత్రిపూట రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు తిరిగే ఊళ్లు, పొలం మోటార్లు అన్నీ ఒకేసారి వేసే ఊళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. అక్కడ 230 ఉండాల్సిన ఓల్టేజీ బాగా పడిపోతుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌ల స్టిక్కర్ మీద 200 నుంచి 240 ఓల్టులు అని ఉంటుంది. ఓల్టేజీ 170కి పడితే అవి ఆగిపోవచ్చు. 100 నుంచి 240 అని రాసి ఉన్నది తీసుకోండి, అది తట్టుకుంటుంది. ఈ ఒక్క వరస చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

యూపీఎస్. షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది 600 వీఏ. పిల్లలు 600 వాట్లు అనుకుంటారు. దాని అసలు సామర్థ్యం సాధారణంగా 360 వాట్లు. మనం ఇందాక లెక్కేసిన చిన్న కంప్యూటర్‌కే మానిటర్ కలిపితే 320 అయింది. 5070 కంప్యూటర్‌కైతే అది అసలు చాలదు. గేము మధ్యలో కరెంటు పోగానే యూపీఎస్ కీచుమని అరిచి అదే ఆగిపోతుంది. వీఏ వదిలేసి వాట్లు చూసి కొనండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, దాన్ని ఆ మోడ్‌లో పెట్టండి. కరెంటు పోయిన క్షణంలో మారడానికి మామూలు మోడ్‌లో ఎక్కువ టైము పడుతుంది, మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా కరెంటు లేకుండా నిలబడేది సెకనులో అరవయ్యో వంతు మాత్రమే. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం, అంటే గోడ కరెంటు లాంటిదే ఇచ్చేది, అయితే మంచిది. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు వేరే రకం కరెంటు వస్తే బ్యాటరీకి మారగానే ఆగిపోతాయి.

ఇక ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందని ఎంతమంది ఇళ్లలో అంటారు? చేతులెత్తండి. చూశారా, ఎంతమంది ఉన్నారో. "కంప్యూటర్ అంటే అంతే, చెప్పులేసుకుని ముట్టుకో" అని ఇంట్లో సర్దిచెప్పేస్తారు. అమ్మా, అయ్యా, అలా వదిలేయకండి. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని చెత్తను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఆ కొద్దిపాటి లీకేజీని ఎర్త్ వైరులోకి పంపాలి. ఎర్త్ లేకపోతే అది పోవడానికి దారి లేక ఇనప డబ్బా మీద నిలుస్తుంది, మీటరు పెట్టి చూస్తే 115 ఓల్టుల దాకా చూపిస్తుంది. ఆ కరెంటు చాలా కొద్దిగా ఉంటుంది కాబట్టి జివ్వుమని ఆగుతుంది. కానీ ఎస్‌ఎంపీఎస్ లోపల ఏదైనా నిజంగా కాలిపోయి ఫేజు డబ్బాకు తగిలితే, కాపాడాల్సింది కూడా అదే ఎర్త్ వైరు. అది లేని ఇంట్లో పిల్లవాడు గ్రానైట్ బండల మీద వట్టి కాళ్లతో కూర్చుని ఆడుతుంటాడు.

కొత్త కంప్యూటర్ ఇంటికి రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. గోడ సాకెట్‌లో పై పెద్ద రంధ్రానికి నిజంగా వైరు వచ్చిందా, ఆ వైరు భూమిలోని ఎర్త్ పిట్ దాకా వెళ్లిందా చూడమనండి. ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్లు పోయండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులుగా మార్చే ముక్కలు వాడకండి. ఈ పనంతటికీ అయ్యే ఖర్చు ఒక రంగు లైట్ల ర్యామ్‌కు మామూలు ర్యామ్‌కు మధ్య తేడా కంటే పెద్దగా ఉండదు.

(ఒక తల్లి: "బాబూ, మాకు అంత బడ్జెట్ లేదు. ఎక్కడ తగ్గించుకోవచ్చో చెప్పు.")

తప్పకుండా చెప్తానమ్మా. లైట్లు, అద్దాలు, ఆర్‌జీబీ ఫ్యాన్లు మొదట తీసేయండి. బోర్డు పెద్దది వద్దు, మైక్రో ఏటీఎక్స్ చాలు. ప్రాసెసర్ ఐ5, రైజెన్ 5 దాటక్కర్లేదు. ఏఎం4లో రైజెన్ 5 5600 ఇప్పటికీ ఫుల్ హెచ్‌డీ గేములకు బాగానే పనిచేస్తుంది. అయినా చాలకపోతే కార్డు ఒక మెట్టు తగ్గించండి. కార్డు రెండేళ్ల తర్వాత అమ్మేసి మార్చుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం తగ్గించకండి. మంచిదైతే తర్వాతి కంప్యూటర్‌కు కూడా అదే వాడుకోవచ్చు.

(ఇంకో విద్యార్థి: "అన్నా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొనాలా, ఇక్కడే కొనాలా? సెకండ్‌హ్యాండ్ కార్డు కొనొచ్చా?")

రిచీ స్ట్రీట్‌లో రకాలు ఎక్కువ దొరుకుతాయి. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు, కొన్నిసార్లు ధర కూడా కలిసొస్తుంది. కానీ రెండు నెలలకు బోర్డు పాడైతే మళ్లీ ఎవరు వెళ్తారో ఇప్పుడే ఆలోచించుకో. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మాత్రం ఒకే షాపులో కొను. అప్పుడు తెర రాకపోతే "నాది కాదు, వాడిది" అనే మాట ఉండదు, బయోస్ అప్‌డేట్ కూడా అక్కడే చేయించుకోవచ్చు. బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకో. ప్రాసెసర్ పెట్టెతో సహా ఇస్తున్నాడా, విడిగా ట్రేలోంచి తీసి ఇస్తున్నాడా అడుగు. విడిగా ఇచ్చేవాటికి కంపెనీ వారంటీ మనకు నేరుగా రాదు.

సెకండ్‌హ్యాండ్ కార్డు కొనొచ్చు. కానీ ఫొటో చూసి డబ్బు పంపకు. ఎదురుగా కంప్యూటర్‌లో పెట్టించి, బరువైన గేము ఏదైనా అరగంట ఆడించు. తెర మీద గీతలు, రంగు చుక్కలు వస్తున్నాయేమో చూడు, వేడి ఎంతవరకు వెళ్తోందో చూడు, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయా చూడు. కార్డు మీద సీరియల్ నంబరు, బిల్లు మీద నంబరు ఒకటేనా చూడు. స్క్రూల మీద స్టిక్కర్ చిరిగి ఉంటే ఎందుకు విప్పావని అడుగు.

సరే, లిస్టులు తెచ్చుకున్నవాళ్లు ఈ టేబుల్ దగ్గరికి రండి. ఒక్కొక్కరి లిస్టు చూద్దాం. ముందు ఆ చీమకుర్తి బాబు రానీ.